“ఇద్దరు పిల్లల్లో ఒకడు అబ్బాయి”: మా ఇంట్లో మూడు జవాబులు వచ్చాయి

గోరింట_కొమ్మ (తెనాలి) · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు రోజులుగా తెగని తగువు ఒకటి ఇక్కడ పెడుతున్నాను. తమ్ముడు బెంగళూరు నుంచి పండక్కి వచ్చాడు. భోజనాల దగ్గర ఒక ప్రశ్న వేశాడు: “ఒకాయనకి ఇద్దరు పిల్లలు. వాళ్ళలో ఒకడు అబ్బాయి. ఇద్దరూ అబ్బాయిలే అయ్యే అవకాశం ఎంత?”

నేను సగం అన్నాను. ఒకరి సంగతి తెలిసిపోయింది, మిగిలింది ఆడో మగో, అంతే కదా అని. తమ్ముడు కాదు, మూడింట ఒక వంతు అన్నాడు. నాన్న అన్నం కలుపుతూ “సున్నా” అన్నారు. “ఒకడు అబ్బాయి అన్నావంటేనే రెండోది ఆడపిల్లని. ఇద్దరూ మగపిల్లలైతే ఇద్దరూ మగపిల్లలే అంటారు గానీ, ఒకడు అబ్బాయి అని ఎవరంటారు?”

తమ్ముడు “నాన్నా, ఇది లెక్క” అన్నాడు. నాన్నకి కోపం వచ్చి కంచం ముందునుంచి లేచిపోయారు. ఆయన నలభై ఏళ్ళు బట్టల కొట్లో చిట్టా రాసిన మనిషి, పైసా తేడా వస్తే రాత్రి నిద్రపోయేవారు కాదు. ఆయన తెలివితక్కువగా మాట్లాడారని నాకు అనిపించలేదు. తప్పు మా ముగ్గురిలో ఎవరిది? లేకపోతే ప్రశ్నలోనే ఏదైనా ఉందా?

కోడ్_కుర్రాడు (పుణె) · రాత్రి 9:58

మీ తమ్ముడిది కరెక్ట్ అండీ. పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు అని వరసగా రాసుకోండి: అబ్బాయి-అబ్బాయి, అబ్బాయి-అమ్మాయి, అమ్మాయి-అబ్బాయి, అమ్మాయి-అమ్మాయి. నాలుగూ సమానం. ఒకడు అబ్బాయి అన్నారు కాబట్టి చివరిది కొట్టేస్తే మూడు మిగులుతాయి. అందులో ఇద్దరూ అబ్బాయిలున్నది ఒక్కటే. 1/3. నాన్నగారు చెప్పింది ఊహ, లెక్క కాదు.

అత్తిలి_అక్క · రాత్రి 10:20

బాబూ, నాకు డిగ్రీ లేదు గానీ ఈ లెక్క ఒప్పుకోబుద్ధి కావట్లేదు. ఆ అబ్బాయినే ఎదురుగా నిలబెట్టి మన తెలుగులో అడుగుదాం. మనం “నీకు తోబుట్టువు ఎవరు” అని అడగం. “నీకు అన్నా, తమ్ముడా, అక్కా, చెల్లా?” అంటాం. జవాబులు నాలుగు. నాలుగూ సమానమే. అందులో రెండు మగ, రెండు ఆడ. సగం వచ్చిందిగా! ఇద్దరూ మగపిల్లలున్న ఇంటిని నువ్వు ఒక్కసారే లెక్కపెట్టావు. ఆ ఇంట్లో ఒకడికి తమ్ముడున్నాడు, ఇంకొకడికి అన్న ఉన్నాడు.

కోడ్_కుర్రాడు · రాత్రి 10:27

అక్కా, ఒకే ఇంటిని రెండుసార్లు లెక్కపెడితే ఎలా? అది ఒక ఇల్లే కదా.

లెక్కల_మాస్టారు (ఖమ్మం జిల్లా) · రాత్రి 11:15

ఇద్దరి లెక్కా సరిగ్గానే ఉంది, ఇద్దరూ వేరు వేరు ప్రశ్నలకి జవాబు చెబుతున్నారు. ప్రభుత్వ హైస్కూల్లో ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, ఈ ప్రశ్న మీద ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే గొడవ. అందుకని శాతాలూ భిన్నాలూ వదిలేసి ఇళ్ళతో చెబుతాను.

ఇద్దరేసి పిల్లలున్న ఇళ్ళు 100 తీసుకోండి. ఆడ మగ సమానంగా పుడతారనుకుంటే 25 ఇళ్ళలో ఇద్దరూ అబ్బాయిలు, 25 ఇళ్ళలో ఇద్దరూ అమ్మాయిలు, 50 ఇళ్ళలో ఒకరూ ఒకరూ.

ఇప్పుడు మనం సుద్దముక్క పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి “మీకు మగపిల్లలు ఎవరైనా ఉన్నారా?” అని అడిగి, ఉన్నారన్న ఇంటి తలుపు మీద గీత పెట్టాం. 75 గీతలు పడతాయి. వాటిలో ఇద్దరూ అబ్బాయిలున్నవి 25. అంటే 1/3. ఇది పుణె తమ్ముడి లెక్క.

ఇంకోలా చేద్దాం. ఆ 100 ఇళ్ళ పిల్లలు 200 మందీ బడి మైదానంలో ఆడుకుంటున్నారు. కళ్ళు మూసుకుని ఒకరి చెయ్యి పట్టుకున్నాం, చూస్తే అబ్బాయి. మైదానంలో అబ్బాయిలు 100 మంది. అందులో 50 మంది ఇద్దరు మగపిల్లల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. 25 మందికి అన్న, 25 మందికి తమ్ముడు, 25 మందికి అక్క, 25 మందికి చెల్లి. అక్కగారు చెప్పిన నాలుగు గళ్ళూ ఇక్కడ అచ్చంగా సరిపోయాయి. సగం.

గీత పెట్టింది ఇంటికా, పిల్లాడికా అన్నది “వాళ్ళలో ఒకడు అబ్బాయి” అన్న వాక్యంలో ఎక్కడా లేదు. లెక్కల పజిళ్ళ రచయిత మార్టిన్ గార్డ్‌నర్ ఈ ప్రశ్నని 1959లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఇచ్చి జవాబు 1/3 అని రాశారు. తర్వాత ఆయనే, ఆ సంగతి మనకి ఎలా తెలిసిందో చెప్పకపోతే ప్రశ్నకి ఒకే జవాబు ఉండదని ఒప్పుకున్నారు. అంత పెద్దాయనే వెనక్కి తగ్గాడు కాబట్టి కొమ్మ గారి ఇంట్లో తగువు పడటంలో వింత లేదు.

నాన్నగారి సున్నా గురించి కూడా చెప్పాలి. దాన్ని ఊహ అని కొట్టేయకండి.

రెల్లుపువ్వు (హైదరాబాద్) · ఆదివారం ఉదయం 7:05

మాస్టారూ, ఆ సున్నా సంగతి నన్ను చెప్పనివ్వండి. నేను భాషాశాస్త్రం చదువుతున్నాను, నాకు బాగా ఇష్టమైన విషయం ఇది.

పాల్ గ్రైస్ అనే తత్వవేత్త 1967లో హార్వర్డ్‌లో కొన్ని ఉపన్యాసాలిచ్చారు. మాట్లాడేవాళ్ళు తమకి తెలిసినంతలో అవసరమైనంతా చెబుతారని వినేవాళ్ళు నమ్ముతారు, ఆ నమ్మకం మీదే సంభాషణ నడుస్తుంది అన్నారు. “నా దగ్గర వంద రూపాయలున్నాయి” అంటే వంద దాటి లేవని మనం తీసుకుంటాం. జేబులో ఐదొందలున్నా తర్కం ప్రకారం ఆ మాట నిజమే. అయినా అలా చెప్పినవాణ్ణి దాచాడనే అంటాం.

కొమ్మ గారి నాన్నగారు చేసింది సరిగ్గా ఇదే. పెళ్ళిచూపుల్లోనో రైల్లోనో ఎవరైనా “ఇద్దరు పిల్లలండీ, ఒకడు అబ్బాయి” అంటే మన నోటికి వెంటనే వచ్చే మాట “ఓహో, ఒక పాప, ఒక బాబు అన్నమాట.” తెలుగులో ఇంకా బలంగా ఉంటుంది ఈ అర్థం, ఎందుకంటే “ఒకడు” అన్నాక “ఇంకొకరు” రావాలని చెవి ఎదురుచూస్తుంది. లెక్క అడిగేవాళ్ళు “కనీసం ఒకడు” అనాలి. కానీ “కనీసం ఒకడైనా అబ్బాయి” అని ఏ తండ్రీ తన పిల్లల గురించి చెప్పడు. తన పిల్లలు ఆడో మగో తండ్రికి తెలియకుండా ఉంటుందా? లెక్కకి పనికొచ్చే వాక్యం మనుషుల నోట్లో రాదు, నోట్లో వచ్చే వాక్యం లెక్కకి చాలదు. నాన్నగారు వాక్యాన్ని సరిగ్గా విన్నారు.

గోరింట_కొమ్మ · ఉదయం 7:40

ఇది నాన్నకి చదివి వినిపించాను. మాట్లాడలేదు గానీ కాఫీ గ్లాసు పట్టుకుని నా పక్కన వచ్చి కూర్చున్నారు. తర్వాతవి కూడా చదవమన్నారు.

గ్రూప్2_గోస (చిక్కడపల్లి) · ఉదయం 8:30

అన్నలూ అక్కలూ, ఇది మా కడుపుమంట. నేను మూడేండ్ల సంది రీజనింగ్ చదువుతున్న. “కొన్ని పెన్నులు పుస్తకాలు. అన్ని పుస్తకాలు బల్లలు” అని ఇస్తరు. “కొన్ని పెన్నులు పుస్తకాలు కావు” అన్నది నిర్ధారణ అయితదా అని అడుగుతరు. మొదట్ల నేను అయితది అని పెట్టేటోణ్ణి. కొన్ని అంటే అన్నీ కాదనే కదా మన ఇంట్ల అర్థం! అమ్మ “కొన్ని గిన్నెలు కడిగిన” అంటే ఇంకా మిగిలినయని నేను లేచి పోతా. పరీక్షల మాత్రం కొన్ని అంటే ఒకటి నుంచి అన్నింటి దాక ఏదైనా. ఈ ఒక్క ముక్క మొదటి రోజే చెప్తే అయిపోయేది. నేను పోయిన కోచింగ్‌ల ఏడాది బొమ్మలు గీపిచ్చిన్రు గానీ ఈ మాట చెప్పలే. అదే ప్రశ్నకు ఎన్ని మార్కులు పోయినయో నాకే తెలుసు.

“లేదా” గూడ గంతే. తర్కంల రెండూ ఉన్నా చెల్లుతదంటరు. మెస్‌ల “ఇడ్లీ లేదా పూరీ” అని రాస్తే రెండూ పెట్టుమంటే పెడ్తడా?

లెక్కల_మాస్టారు · ఉదయం 9:02

తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. పాత పదో తరగతి పుస్తకంలో ప్రవచనాలు, సత్య పట్టికలు ఉండేవి, “లేదా” దగ్గర పిల్లలు ఇలాగే ఆగిపోయేవారు. నేను నోటిఫికేషన్ చూపించేవాణ్ణి. “డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవారు అర్హులు” అని ఉంటే రెండూ ఉన్నవాణ్ణి వెనక్కి పంపుతారా? పంపరు. అక్కడ మన వాడుక కూడా సత్య పట్టిక పక్షానే ఉంది. మెస్‌లో ఇచ్చేది ఒక ప్లేటు కాబట్టి ఇడ్లీ పూరీ రెండూ రావు. రెండు చోట్లా మాట ఒకటే, సందర్భం వేరు. పరీక్ష పేపర్లో సందర్భం ఉండదు, అదే చిక్కు.

రెల్లుపువ్వు · ఉదయం 10:10

“అయితే” దగ్గర తెలుగుకి ఒక పెద్ద బలం ఉంది, దాన్ని మన పాఠ్యపుస్తకాలు వాడుకోవట్లేదని నాకు ఎప్పటినుంచో బాధ.

చూడండి: “చదివితే పాసవుతావు.” “చదివితేనే పాసవుతావు.” “చదివితే చాలు, పాసవుతావు.” “చదివినా పాసవ్వవు.” నాలుగూ ఐదేళ్ళ పిల్లలకి కూడా తేడా తెలిసే వాక్యాలు. “తేనే” అంటే చదువు లేకుండా పాసవడం లేదని. “తే చాలు” అంటే ఇంకేమీ అక్కర్లేదని. బళ్ళో దీన్నే “ఆవశ్యక నియమం, పర్యాప్త నియమం” అని చెప్పి పిల్లల్ని భయపెడతారు. ఒక్క “ఏ” కారంలో ఉన్న సంగతి అది.

చిక్కంతా మొదటి వాక్యంలో ఉంది. అమ్మ “అన్నం తింటే చాక్లెట్ ఇస్తా” అంటుంది. తినకపోతే ఇవ్వనని అమ్మ అనలేదు. కానీ పిల్లాడు అదే విన్నాడు, అమ్మ ఉద్దేశం కూడా అదే. నోటితో “తే” అని, మనసులో “తేనే” అనుకుంటాం. మైకేల్ గైస్, ఆర్నల్డ్ జ్వికీ అనే ఇద్దరు 1971లో ఇంగ్లీషులో ఇదే చూపించారు: గడ్డి కోస్తే ఐదు డాలర్లిస్తా అంటే కోయకపోతే ఇవ్వనన్న అర్థం దానంతట అదే వచ్చి చేరుతుందని. అంటే ఇది మన ఒక్కరి అలవాటు కాదు.

ఇప్పుడు ఒక పరీక్ష. బల్ల మీద నాలుగు కార్డులు. ప్రతిదానికీ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. పైకి కనపడేవి: అ, క, 4, 7. నియమం: “ఒకవైపు అచ్చు ఉంటే, రెండోవైపు సరి సంఖ్య ఉంటుంది.” నియమం తప్పారో లేదో తెలియాలంటే ఏ కార్డులు తిప్పాలి? తప్పనిసరిగా తిప్పాల్సినవి మాత్రమే.

అత్తిలి_అక్క · ఉదయం 10:25

అ, 4.

గోరింట_కొమ్మ · ఉదయం 10:26

నేనూ అ, 4. నాన్న కూడా అదే అంటున్నారు.

కోడ్_కుర్రాడు · ఉదయం 10:31

అ, 7. 4 వెనక హల్లు ఉన్నా నియమం తప్పినట్టు కాదు. హల్లుకి సరి సంఖ్య ఉండకూడదని ఎవరూ అనలేదు. 7 వెనక అచ్చు ఉంటే మాత్రం నియమం తప్పినట్టే.

రెల్లుపువ్వు · ఉదయం 10:48

అవును, అ, 7. పీటర్ వాసన్ అనే మనస్తత్వవేత్త 1966లో ఇంగ్లండ్‌లో తయారుచేసిన పరీక్ష ఇది. మామూలుగా పదిమందిలో ఒకరు కూడా సరిగ్గా చెప్పరు. అక్కా, మీరు “అచ్చు ఉంటే సరి సంఖ్య” అన్నదాన్ని “సరి సంఖ్య ఉంటే అచ్చు” అని కూడా విన్నారేమో, లేదా నియమంలో పేరు వచ్చిన కార్డుల మీదికే కన్ను పోయిందేమో. పరిశోధకులు రెండూ అంటారు.

ఇదే ప్రశ్నని 1982లో గ్రిగ్స్, కాక్స్ అనేవాళ్ళు ఫ్లోరిడా విద్యార్థులకి వేరే బట్టలేసి ఇచ్చారు. “బీరు తాగుతుంటే వయసు 19 దాటి ఉండాలి.” నలుగురు కూర్చున్నారు: ఒకరు బీరు తాగుతున్నారు, ఒకరు కోక్ తాగుతున్నారు, ఒకరికి 22 ఏళ్ళు, ఒకరికి 16. ఎవర్ని తనిఖీ చేయాలి? నూటికి డెబ్బై మందికి పైగా సరిగ్గా చెప్పారు: బీరు తాగేవాడి వయసు, పదహారేళ్ళవాడి గ్లాసు. తర్కం అదే, కార్డుల్లోనూ అదే. నియమం ఎందుకు ఉందో తెలిసినప్పుడు బుర్ర దారి తప్పలేదు.

కోడ్_కుర్రాడు · మధ్యాహ్నం 12:15

ఒక మాట. అన్నీ భాష మీదికి నెట్టేస్తున్నాం అనిపిస్తోంది. మనుషులు నిజంగానే తప్పుగా ఆలోచించే చోట్లు ఉన్నాయి. ట్వర్‌స్కీ, కానమన్ అనే మనస్తత్వవేత్తలు 1983లో రాసిన లిండా ఉదాహరణ తీసుకోండి. లిండాకి 31 ఏళ్ళు, తెలివైనది, తత్వశాస్త్రం చదివింది, చదువుకునే రోజుల్లో వివక్షకి వ్యతిరేకంగా పోరాడింది. ఏది ఎక్కువ సంభావ్యం: లిండా బ్యాంకులో క్యాషియరా? లేక బ్యాంకులో క్యాషియరూ, స్త్రీవాద ఉద్యమంలో పనిచేసే మనిషీనా? నూటికి 85 మంది రెండోదే అన్నారు. రెండు షరతులు కలిసి నిజమయ్యే అవకాశం ఒక్క షరతు కంటే ఎక్కువ ఎలా అవుతుంది? ఇక్కడ భాష తప్పేముంది?

రెల్లుపువ్వు · మధ్యాహ్నం 12:50

ఉంది కొంత. రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే, మొదటిదాన్ని “క్యాషియరే, స్త్రీవాది మాత్రం కాదు” అని వింటాం. నాన్నగారు “ఒకడు అబ్బాయి”ని విన్నట్టే. పైగా “సంభావ్యం” అన్న మాట వాడుకలో గణితం మాట కాదు, “నమ్మేలా ఉన్నది” అని. గిగరెంజర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త ఇదే వాదించారు, “లిండా లాంటివాళ్ళు వందమందిలో ఎంతమంది” అని అడిగితే తప్పులు బాగా తగ్గుతాయని.

కానీ మీ మాటలో నిజం ఉందని ఒప్పుకుంటాను. ట్వర్‌స్కీ, కానమన్ ఆ సందేహం వస్తుందని ముందే ఊహించి “స్త్రీవాద ఉద్యమంలో ఉన్నా లేకపోయినా క్యాషియర్” అని విడమరిచి కూడా అడిగారు. అప్పుడు కూడా సగానికి పైగా తప్పే చెప్పారు. భాష తీసేశాక తప్పు తగ్గింది, పోలేదు.

కోడ్_కుర్రాడు · మధ్యాహ్నం 12:58

సరే, ఇది న్యాయంగా ఉంది. నాన్నగారి జవాబుని ఊహ అన్నందుకు క్షమించమని చెప్పండి కొమ్మ గారూ.

కల్లం_కబుర్లు (గుంటూరు జిల్లా) · మధ్యాహ్నం 2:20

మా బతుకే ఈ మాటల మీద ఆధారపడి ఉందండి. మిర్చి కోసి కల్లంలో ఆరబోశాక టీవీలో “ఒకటి రెండు చోట్ల వర్షాలు కురిసే అవకాశం ఉంది” అంటారు. పట్టాలు కప్పాలా వద్దా? కప్పితే కాయ ఉక్కపోసి రంగు మారుద్ది. కప్పకపోతే, వానొస్తే పోయింది. చాన్నాళ్ళు నేను “మన ఊళ్ళో ఒకటి రెండు సార్లు పడుద్ది” అనుకున్నా. మా బాబాయి “ఆ, ఎక్కడో పడుద్దిలే” అనేవాడు.

తర్వాత వ్యవసాయ శాఖలో తెలిసినాయన చెబితే అర్థమైంది. వాతావరణ శాఖవాళ్ళకి అవి లెక్క మాటలు. ఒక ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నూటికి 25 లోపు చోట్ల పడితే “ఒకటి రెండు చోట్ల”, 26 నుంచి 50 అయితే “కొన్ని చోట్ల”, 51 నుంచి 75 అయితే “చాలా చోట్ల”, ఆ పైన దాదాపు అన్ని చోట్ల. అది చోటు లెక్క. పడే అవకాశం లెక్క వేరే ఉంది. ఇంగ్లీషు బులెటిన్‌లో “లైక్లీ” అంటే నూటికి 25 నుంచి 50 అంట! సగం కూడా లేని దానికి “అవకాశం ఉంది” అని చదువుతారు. మనం అవకాశం ఉందంటే వచ్చుద్దనే అనుకుంటాం కదా. ఇంకొకడు లేచి “వస్తే వస్తది లేకపోతే లేదు, ఫిఫ్టీ ఫిఫ్టీ” అంటాడు. రెండు జవాబులుంటే రెండూ సమానం ఎలా అవుతాయి? అలాగైతే రేపు పొద్దున సూర్యుడికి కూడా ఫిఫ్టీ ఫిఫ్టీ ఇవ్వాలి.

లెక్కల_మాస్టారు · మధ్యాహ్నం 3:00

కల్లం గారూ, మీ ఊరివాళ్ళే కాదు. “రేపు వాన అవకాశం 30 శాతం” అంటే ఏమిటని 2005లో గిగరెంజర్ బృందం ఆమ్‌స్టర్‌డామ్, ఏథెన్స్, బెర్లిన్, మిలాన్, న్యూయార్క్ జనాన్ని అడిగింది. రేపు 30 శాతం సేపు పడుతుందని కొందరు, 30 శాతం ప్రాంతంలో పడుతుందని కొందరు. ఇలాంటి పది రోజుల్లో మూడు రోజులు పడుతుందన్న అసలు అర్థం ఎక్కువమంది చెప్పింది ఒక్క న్యూయార్క్‌లోనే. అంకె చెప్పినవాళ్ళు “దేంట్లో 30” అన్నది చెప్పకుండా వదిలేశారు.

మునగాకు (విజయవాడ) · సాయంత్రం 5:35

ఈ చర్చ చదువుతుంటే నాకు చెయ్యి వణుకుతోంది, అయినా రాస్తాను. నాకు మూడో నెల దాటుతున్నప్పుడు డబుల్ మార్కర్ పరీక్ష (కడుపులో బిడ్డకి డౌన్ సిండ్రోమ్ లాంటి సమస్య ఉండే అవకాశాన్ని అంచనా వేసే రక్తపరీక్ష) చేశారు. రిపోర్టు మీద ఎర్రటి అక్షరాలతో “హై రిస్క్, 1:180” అని వచ్చింది. ల్యాబ్ అమ్మాయి కాగితం చేతిలో పెట్టి “పాజిటివ్ వచ్చిందండీ, డాక్టర్‌ని కలవండి” అంది. అంతే. బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉందనే అనుకున్నాం. మా అత్తగారు “180 శాతం రిస్కా?” అని అడిగి కూలబడ్డారు. మా ఆయన ఆ రాత్రంతా బాల్కనీలో నిలబడే ఉన్నారు. మూడు రోజులు ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు.

నాలుగో రోజు వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ రిపోర్టు పక్కన పెట్టి ఇలా అన్నారు: “ఒక ఫంక్షన్ హాల్లో నీలాగే ఈ రిపోర్టు చేతిలో పట్టుకుని 180 మంది గర్భిణులు కూర్చున్నారనుకో. వాళ్ళలో ఒక్కరి బిడ్డకి ఆ సమస్య ఉండొచ్చు. 179 మంది బిడ్డలకి ఉండదు. 250లో ఒకటి కంటే ఎక్కువైతే ఇంకో పరీక్ష చేయించమని చెప్పడానికి హై రిస్క్ అని రాస్తారు. అంతకు మించి ఆ మాటకి అర్థం లేదు.” తర్వాత రక్తంతో చేసే ఇంకో పరీక్ష చేయించారు, బాగానే వచ్చింది. మా బాబుకి ఇప్పుడు నాలుగేళ్ళు, ఇది రాస్తుంటే నా చీర కొంగు లాగుతున్నాడు.

“హై” అన్న మాటకీ “పాజిటివ్” అన్న మాటకీ మా ఇంట్లో ఉన్న అర్థం ఒకటి, ఆ కాగితం మీద ఉన్న అర్థం ఇంకొకటి. ఆ మూడు రోజుల్లో ఎవరైనా ఫంక్షన్ హాల్ అన్న మాట చెప్పి ఉంటే బాగుండేది.

లెక్కల_మాస్టారు · సాయంత్రం 6:10

అమ్మా, మీరు రాసినందుకు కృతజ్ఞతలు. మీ బాబు చల్లగా ఉండాలి.

డాక్టర్లు కూడా ఇక్కడ తడబడ్డవాళ్ళే. 1978లో హార్వర్డ్ వైద్య కళాశాలలో డాక్టర్లు, విద్యార్థులు కలిపి 60 మందిని అడిగారు: వెయ్యిమందిలో ఒకరికి వచ్చే జబ్బు. జబ్బు లేనివాళ్ళలో కూడా నూటికి ఐదుగురికి పరీక్ష పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వచ్చిన మనిషికి జబ్బు ఉండే అవకాశం ఎంత? దాదాపు సగంమంది 95 శాతం అన్నారు. సరిగ్గా చెప్పింది 11 మంది. వెయ్యిమందిని నిలబెట్టండి. జబ్బున్నవాడు ఒక్కడు, జబ్బు లేకుండానే పాజిటివ్ వచ్చినవాళ్ళు దాదాపు 50. అంటే 51 మందిలో ఒకరు, సుమారు 2 శాతం. “జబ్బు ఉంటే పాజిటివ్ వస్తుంది” అన్న వాక్యాన్ని “పాజిటివ్ వస్తే జబ్బు ఉంటుంది” అని తిప్పి వినడమే కారణం. పొద్దున అచ్చు, సరి సంఖ్య కార్డుల దగ్గర తిప్పి విన్నామే, అదే ఇది.

తంగేడు_పూలు (డల్లాస్) · సాయంత్రం 7:45

ఇంత చర్చ జరిగాక మూడు తలుపుల ప్రశ్న చెప్పకుండా ఉండలేను. స్టీవ్ సెల్విన్ 1975లో ఒక గణాంక పత్రికకి ఉత్తరంగా రాశారు, 1990లో మెరిలిన్ వాస్ సావంత్ పెరేడ్ పత్రిక శీర్షికలో రాశాక అమెరికా అంతా మారుమోగింది. ఆమె తప్పంటూ వచ్చినవాటితో కలిపి పదివేల దాకా ఉత్తరాలు వచ్చాయి, దాదాపు వెయ్యి పీహెచ్‌డీలున్నవాళ్ళవి. ఒక తలుపు వెనక కారు, రెండింటి వెనక మేకలు. మీరు ఒకటి ఎంచుకున్నారు. ఆట నడిపేవాడు ఇంకో తలుపు తీసి మేకని చూపించి, మారతారా అని అడుగుతాడు. మారడమే లాభం అన్నది ఆమె జవాబు.

నా పిల్లలకి ఇది తెలుగులో చెబుతుంటే ఒకటి గమనించాను. మొదటిసారి “ఆయన ఇంకో తలుపు తెరిస్తే మేక ఉంది” అన్నాను. రెండోసారి “ఆయన మేక ఉన్న తలుపు చూసి తెరిచాడు” అన్నాను. మా పెద్దది వెంటనే “అమ్మా, ఆయనకి ముందే తెలుసా?” అని అడిగింది. మొదటి వాక్యంలో మేక అనుకోకుండా బయటపడింది. రెండో వాక్యంలో ఆయన కారుని తప్పించి తెరిచాడు. 300 ఆటలు వేసుకుంటే, మనం మొదట ఎంచింది కారయ్యేవి 100. తెలిసి తెరిస్తే మిగతా 200లోనూ మారితే గెలుస్తాం. తెలియకుండా తెరిస్తే ఆ 200లో 100 సార్లు కారే బయటపడి ఆట చెడిపోతుంది. మేక కనపడ్డ 200 ఆటల్లో మారినా మారకపోయినా 100. ఒక్క “తెరిస్తే”తో జవాబు మారిపోయింది!

లెక్కల_మాస్టారు · రాత్రి 8:20

చక్కగా పట్టుకున్నారమ్మా. ఒక్క జాగ్రత్త: వాస్ సావంత్ శీర్షికలో ఆట నడిపేవాడికి తెలుసు అనే రాసి ఉంది. అయినా అంతమంది పొరబడ్డారు. మిగిలిన రెండు తలుపులు సమానం అన్నది వాళ్ళ మనసులో పడిపోయింది, పైన కల్లం గారు చెప్పిన ఫిఫ్టీ ఫిఫ్టీలా. అయితే ఆయన ప్రతిసారీ తెరిచి తీరాలన్న నియమం ఆ వాక్యంలో లేదు. 1991లో, టీవీలో ఇలాంటి ఆట నడిపిన మాంటీ హాల్ స్వయంగా ఒక విలేఖరికి ఆడి చూపించారు. మనం సరైన తలుపు ఎంచుకున్నప్పుడే మారమని ఆశపెడితే, మారిన ప్రతిసారీ మేకే.

గ్రూప్2_గోస · రాత్రి 8:55

ఇంకోటి గూడ చెప్పి పోత. “అందరు రాలే” అంటే మా దిక్కు కొంతమందే వచ్చిన్రని. మా రూంమేట్‌ది చిత్తూరు, ఆయన ఒక్కో తాపు ఎవరూ రాలేదన్నట్టు అంటడు. పరీక్ష పేపర్ల “అందరూ ఉత్తీర్ణులు కాలేదు” అని వచ్చింది పోయినసారి. ఇద్దరం రెండు జవాబులు పెట్టినం.

గోరింట_కొమ్మ · సోమవారం రాత్రి 9:30

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ సాయంత్రం ఏమైందో చెబుతాను. నాన్న పాత చిట్టా పుస్తకంలో కాగితం చింపి మా వీధిలో ఇద్దరేసి పిల్లలున్న ఇళ్ళన్నీ రాశారు. పాలాయన ఇల్లు, మేడ మీద టీచరమ్మ, చివర కొబ్బరికాయల కొట్టు, అలా పద్నాలుగు ఇళ్ళు. మగపిల్లాడు ఉన్నవాటి పక్కన టిక్కు పెట్టారు. పదకొండు వచ్చాయి. వాటిలో ఇద్దరూ మగపిల్లలున్నవి మూడు. తమ్ముడు మూడింట ఒక వంతుకి దగ్గరగానే ఉందని సంబరపడ్డాడు. నాన్న కాగితం తిప్పి రెండోవైపు పిల్లల పేర్లు రాయడం మొదలుపెట్టారు. అబ్బాయిలు పద్నాలుగు మంది. వాళ్ళలో మగ తోబుట్టువు ఉన్నవాళ్ళు ఆరుగురు. “ఇది నీ సగం” అని నా వైపు చూశారు. తర్వాత తమ్ముడితో “మొన్న నువ్వు అడిగింది ఈ రెండింట్లో ఏదో నాకు చెప్పలేదు” అన్నారు. వాడు “చెప్పలేదు నాన్నా” అన్నాడు.

అమ్మ మాత్రం కాగితం చూసి ఇంకో మాట అంది. ఒకరూ ఒకరూ ఉన్న ఎనిమిది ఇళ్ళలో ఆరింట్లో అమ్మాయే పెద్దదట. “మగపిల్లాడి కోసం ఆగి కన్నారు. మొదటే మగపిల్లాడు పుట్టినవాళ్ళు ఒక్కరితో ఆపేశారు, వాళ్ళు మీ కాగితంలోకే రాలేదు.” దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

లెక్కల_మాస్టారు · రాత్రి 9:52

అమ్మగారి మాట బంగారం. 25, 25, 50 ఇళ్ళు అని నేను మొదటి రోజు ఎంత తేలిగ్గా అనేశానో ఇప్పుడు తెలుస్తోంది. రేపు తొమ్మిదో తరగతిలో ఇదే చేయిస్తాను. ఎవరి వీధి వాళ్ళు రాసుకుని రావాలి.

గోరింట_కొమ్మ · రాత్రి 10:05

నాన్న మీ అందరికీ ఒక ప్రశ్న పెట్టమన్నారు. “ఇవాళ బంతి కోసం ఒక పిల్లాడు మా గేటు తీశాడు. వాళ్ళింట్లో ఇద్దరు పిల్లలని తెలుసు. రెండోవాళ్ళు కూడా మగపిల్లాడే అయ్యే అవకాశం ఎంత?”

అత్తిలి_అక్క · రాత్రి 10:11

మీ వీధిలో బంతాట ఆడపిల్లలు కూడా ఆడతారా, ముందు అది చెప్పమనండి.